కుదిమట్టానికి నాలుగంగుళాలు

ఆ వేసవిలో మా ఇంట్లో పెరిగింది ఒక్క బండి ఎత్తే. మిగతావన్నీ తగ్గాయి. కుళాయిలో నీళ్ళు తగ్గాయి, మావారి నడినెత్తిన జుట్టు తగ్గింది, మామగారి బరువు వారం వారం తగ్గుతూ వచ్చింది.

బండి అంటే పాత చిన్న ట్రక్కు. ముందు ముగ్గురు ఒదిగి కూర్చునే ఒకే సీటు, వెనక సరుకు వేసుకునే తొట్టి. ఒళ్ళుకు తగ్గ కాళ్ళు లేవని మామగారే దానికి కుదిమట్టం అని పేరు పెట్టారు. ఆయన వర్క్‌షాపులో ముప్ఫై అయిదేళ్ళు లేత్ మిషను మీద ఇనుము చెక్కిన మనిషి. రిటైరైనప్పుడు కొన్న బండి తర్వాత మావారి చేతికొచ్చింది. మావారు దాంట్లో పరుపుల దుకాణం సరుకు ఇళ్ళకు చేరవేస్తారు. ఎప్పుడూ పరుపులే మోసిన బండి గనక కష్టమంటే ఏమిటో దానికి తెలియదని నేననుకునేదాన్ని.

మామగారికి కిడ్నీలు రెండూ పని మానేసి ఏడాదిన్నర అయింది. సోమవారం, గురువారం పట్నం ఆస్పత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్. తక్కిన రోజుల్లో నీళ్ళు కొలిచి తాగాలి. ఆ కొలత గ్లాసు నా చేతిలో ఉండేది. నేను చదివిన డిగ్రీకి అంతకు మించిన అధికారం ఇంకెక్కడా రాలేదు. ఎండ మరీ మండిపోయే రోజున లెక్కలోకి రాని మంచుముక్క ఒకటి ఆయన చేతిలో జారవిడిచేదాన్ని. నేను ఇవ్వనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని, ఆయన పుచ్చుకోనట్టు గోడవైపు తిరిగేవారు. మా ఇద్దరికీ మాటల్లేకుండా కుదిరిన ఒప్పందాలు అలాంటివి కొన్ని ఉండేవి.

ఎండలు ముదురుతుండగా పట్నం దారిలో ఉన్న వంతెన కూల్చేశారు, కొత్తది కట్టడానికి. వానలు పడేలోగా పూర్తవుతుందని బోర్డు పెట్టారు. ఏ ఏటి వానలో రాయలేదు. అప్పటిదాకా వాగులోకి దిగి, రాళ్ళ మీదుగా అవతలి గట్టెక్కాలి. మొదటిసారి దిగినప్పుడే కుదిమట్టం పొట్ట రాయికి కొట్టుకుని ఖణేల్‌మంది. రెండోసారి సైలెన్సరు ఊడింది. మూడోసారి ఇంజను కింద నూనె తొట్టి సొట్టపోయింది. దెబ్బ బండికి తగిలినా కళ్ళు మూసుకునేది మామగారు. చుట్టుదారిన పోతే మూడు గంటలు, డయాలసిస్ మిషను మీంచి లేచిన మనిషి అంతసేపు కూర్చోలేరు. అద్దె కార్లవాళ్ళు వాగు పేరెత్తగానే ఫోను పెట్టేసేవారు. వెనక తొట్టిలో పరుపు వేస్తాను, హాయిగా పడుకుని రండి అని మావారు ఒకసారి అన్నారు. నేనేమన్నా సరుకునట్రా, చేరాక సంతకం పెట్టించుకుంటావా అన్నారు మామగారు.

చివరికి ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే తేల్చారు, బండి ఎత్తు పెంచాలని. నాలుగంగుళాలు చాలు, వాగులో ఏ రాయీ తగలదు. మావారు బడ్జెట్ అన్నారు. ఆ మాటకు మా ఇంట్లో అర్థం, ఏదీ కొత్తది కొనకూడదని.

మర్నాటి నుంచి మా వాకిలి షెడ్డయిపోయింది. మామగారు వేపచెక్క కుర్చీలో కూర్చుని చెప్పడం, మావారు బండి కింద దూరి చెయ్యడం, నేను టేపు పట్టుకుని కొలతలు రాయడం. ముందు చక్రాలకు స్ప్రింగుల బదులు రెండు పొడుగాటి కడ్డీలుంటాయట. వాటి చివరి బోల్టు బిగించేకొద్దీ కడ్డీ మెలిపడి బండి ముక్కు పైకి లేస్తుంది. ఇది ఖర్చులేని పని కాబట్టి మావారు ఈలవేస్తూ చేశారు. వెనక ఉన్నవి కమాను కట్టలు, ఒకదాని మీదొకటి పేర్చిన వంపు ఇనుప పట్టీలు. ఇన్నేళ్ళ బరువుకి వాటి వంపు పోయి బల్లపరుపుగా అయ్యాయి. పరుపులు మోస్తే అంతే మరి అన్నాను. తండ్రీ కొడుకులిద్దరూ నవ్వలేదు. ఇనుము విషయంలో వాళ్ళకు హాస్యం పనికిరాదు.

పాత పట్టీల కోసం తుక్కు కొట్టుకు వెళ్ళాం. కొట్టు ఆసామి మామగారిని చూసి లేచి నిలబడి, ఏ వస్తువు ముట్టుకున్నా, "దీన్ని ఇప్పుడు చెయ్యరండీ," అనడం మొదలుపెట్టాడు. చెయ్యకపోబట్టేగా నీ దగ్గరికి వచ్చింది అన్నారు మామగారు. చచ్చిపోయిన ఒక వ్యాను కింద మా కొలతకు సరిపోయే పట్టీలు రెండు దొరికాయి. ఇరుసుకీ కట్టకీ మధ్య పెట్టడానికి ఇనుప దిమ్మలు కావాలి. వాటిని తానే చేస్తానన్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యుడికి లేత్ షాపుంది. శిష్యుడంటే ఆయనకీ మనవలున్నారు. ఆ షాపులో మామగారు గంటన్నర నిలబడ్డారు. ఆస్పత్రి మెట్లెక్కడానికి నా భుజం కావలసిన మనిషి ఆ గంటన్నరా దేన్నీ పట్టుకోలేదు. మావారు పక్కన నూనె పోస్తూ ఉండిపోయారు. ఇంట్లో రోజుకు పది మాటలు మించని తండ్రీ కొడుకులు ఆ వేళ వెంట్రుకవాసి తేడాల గురించి ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో. నేను బయట స్టూలు మీద కూర్చుని, ఈ రోగమేదో ఇంకాస్త ముందు బండికి వచ్చినా బాగుండేది అనుకున్నాను.

ఆదివారం సాయంత్రానికి కుదిమట్టం లేచి నిలబడింది. అచ్చంగా నాలుగంగుళాలు. కొత్త జోళ్ళు తొడుక్కున్న పొట్టి మనిషిలా దానికి కాస్త గర్వం కూడా వచ్చినట్టు అనిపించింది. మామగారు చుట్టూ తిరిగి, వంగి, కింద చెయ్యి పెట్టి చూసి, ఊఁ అన్నారు. ఆయన ఊఁ అంటే మెచ్చుకున్నట్టు.

సోమవారం పొద్దున చొక్కా తొడుక్కుని, ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి తలుపు తీశారు. కాలెత్తారు. పాదం లోపలికి అందలేదు. దించి, మళ్ళీ ఎత్తారు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఎత్తుకున్నారు. అందలేదు. తలుపు పట్టుకుని అలా నిలబడిపోయారు.

బండి పొట్ట కొలిచాం. ఇరుసు కొలిచాం. చక్రానికీ రేకుకీ మధ్య సందు కొలిచాం. నా నోట్సులో రెండు పేజీలున్నాయి. లేత్ మీద వెంట్రుక మందం తప్పని మనిషి ఒకరు, రోజూ మెట్లు లెక్కపెట్టి పరుపు మోసే మనిషి ఒకరు, డిగ్రీ చదివిన మనిషి ఒకరు. ముగ్గురిలో ఎవరికీ సీటుకీ నేలకీ మధ్య టేపు పెట్టి చూడాలని తోచలేదు. ఎవరి కోసం బండి ఎత్తామో ఆయన మోకాలు కొలవలేదు.

"టైర్లలో గాలెక్కువైంది," అన్నారు మామగారు.

నేను పీట తెచ్చి వేశాను. పీటెక్కారు గానీ రెండో కాలికి బరువు మారుస్తుండగా కంకర మీద పీట ఒరిగింది. మావారు పట్టుకున్నారు. పట్టుకున్నవారు మళ్ళీ వదల్లేదు. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టి ఎత్తేశారు.

"నడుం వంచకు. మోకాళ్ళు వంచి ఎత్తు," అన్నారు మామగారు, వర్క్‌షాపు గొంతుతో.

వీధిలో ఎవరూ చూడకూడదని నేను బండికి అటుపక్క నిలబడి చీర కొంగు ఊరికే దులిపాను. సీట్లో కూర్చోబెట్టి తలుపు వేసి మావారు ఇటు తిరిగారు. ముఖంలో ఆయాసం ఏమీ లేదు. అదే చూడలేకపోయాను. పాతిక కిలోల పరుపుకే ఆయన ఒక మూలుగు మూలుగుతారు.

వాగులో ఆ రోజు ఒక్క రాయి తగల్లేదు. కాకపోతే కడ్డీలు బిగించడంతో బండి బిరుసెక్కి, ప్రతి గతుకూ వెన్నులోకి వచ్చేది. ఇద్దరి మధ్యా నేను కూర్చున్నాను. అవతలి గట్టెక్కాక మామగారు అద్దంలోంచి ముందుకు చూస్తూ అన్నారు:

"నిన్ను నేనెప్పుడూ ఎత్తుకున్నట్టు గుర్తులేదురా."

మావారు గేరు మార్చారు. "మీకు డ్యూటీలుండేవి," అన్నారు.

"డ్యూటీ కాదు. మా నాన్న ముందు సొంత పిల్లాణ్ణి ఎత్తుకోవాలంటే సిగ్గు. ఆయన పోయేసరికి నువ్వు పెద్దాడివైపోయావు."

ఆ తర్వాత ఆస్పత్రి దాకా నాకు రెండు వైపులా ఇద్దరూ వాళ్ళ వాళ్ళ కిటికీల్లోంచి బయటకు చూశారు. బండి నడుపుతున్నవారు మాత్రం అలా చూడకుండా ఉంటే బాగుండేది.

అలా అయిదు వారాలు. ఎక్కేటప్పుడోసారి, దిగేటప్పుడోసారి, ఆస్పత్రిలోనూ అంతే. ఆస్పత్రి వాకిట్లో చక్రాల కుర్చీ తోసే మనిషి ఒకసారి, "పెద్దాయనకి రాజభోగం," అని నవ్వాడు. మామగారు కూడా నవ్వారు. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం ముట్టుకోలేదు. మెల్లమెల్లగా మనిషిలో మార్పు వచ్చింది. ఎత్తేటప్పుడు మొదట్లో సలహాలు చెప్పేవారు, తర్వాత మానేశారు. తర్వాత కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, గుండె కూడా అలిసిపోతోందమ్మా, మిషను నెట్టుకొస్తుందంతే అంది. ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు. మామగారు మాత్రం నా ముఖం చూసి, "ఏమంటుంది, బోల్టులు మార్చాలందా?" అన్నారు. మార్చడానికి దొరకట్లేదట అన్నాను. ఆయన తల పంకించారు.

వానకు ముందు ఉక్కపోత మొదలైన గురువారం, ఆస్పత్రి నుంచి వచ్చాం. మావారు తలుపు తీసి ఆయన్ని ఎత్తుకుని వాకిట్లోంచి లోపలికి నడుస్తున్నారు. నేను వెనక ఫైలు పట్టుకుని వస్తున్నాను. సగం వాకిట్లో మామగారు కళ్ళు తెరిచారు. చేత్తో కొడుకు భుజం మీద రెండుసార్లు తట్టారు.

"ఇక చాలురా. దించెయ్."

మావారు ఆగారు. మెల్లిగా కిందికి వంగి, నేల మీద నిలబెట్టి, నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నారు. వెనక్కి తిరిగి బండివైపు చూశారు.

"నేనూ అదే అనుకుంటున్నాను నాన్నా. ఆదివారం దించేస్తాను. ఆ దిమ్మలు తీసేసి, కడ్డీలు వదులు చేస్తే ఒక్కరోజు పని. వాగులో రాళ్ళు కూడా ఈపాటికి అణిగాయిలెండి."

మామగారు కొడుకు ముఖంలోకి చూశారు. అంత దగ్గరగా, అంతసేపు ఆయన కొడుకును చూడటం నేనెప్పుడూ ఎరగను. తర్వాత నావైపు చూశారు. నేను ఆ చూపును మంచుముక్కల కాలం నుంచీ ఎరుగుదును.

"సరే. తొందరేం లేదు, నిదానంగా చెయ్యి," అన్నారు.

అన్నం ఒక్క నిమిషం ఆలస్యమైతే వంటింటి గడియారం వంక చూసే మనిషి. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నేను ఫైలు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చెప్పడానికి అది చాలినంత సమయమే. మావారు అప్పటికే స్పానర్ల డబ్బా ఎక్కడ పెట్టావని నన్ను అడుగుతున్నారు. మంచం కింద అన్నాను.

ఆదివారం పని మొదలైంది. మామగారు కుర్చీ వేయించుకుని దగ్గరే కూర్చున్నారు. ముందు వైపు తేలిగ్గానే దిగింది. వెనక కట్ట విప్పుతుంటే నడిమి బోల్టు తుప్పు పట్టి విరిగింది. సోమవారం పొద్దున బండి కట్టె దుంగల మీద ఉంది. మావారు కారు కోసం వీధులన్నీ తిరిగొచ్చారు. ఒక్కరోజుకి ఏం కాదురా, గురువారం పోదాం అన్నారు మామగారు. శిష్యుడి షాపు నుంచి కొత్త బోల్టు వచ్చింది. మామగారు దాన్ని కళ్ళజోడుకు ఆనించి చూసి, మర సరిగ్గా పడలేదని తిప్పి పంపారు. రెండోది వచ్చింది. ఇనుము మంచిది కాదన్నారు. బండి పైకి ఎత్తేటప్పుడు తుక్కు కొట్టులో చేతికందిన బోల్టల్లా బిగించమన్న మనిషి. శిష్యుడు పాపం మూడోది స్వయంగా పట్టుకొచ్చి, మాస్టారూ ఇంతకన్నా నాకు రాదండీ అన్నాడు. అది బుధవారం. దానికి తలలో చిన్న గరుకుంది, నునుపు చెయ్యమన్నారు.

గురువారం కూడా అలా పోయింది. మావారు మధ్యాహ్నం దాకా బండి కిందే ఉన్నారు. చమట ధారలు కడుతోంది. నేను మామగారికి నీళ్ళు తెచ్చాను. కొలత గ్లాసు కాదు, ఇంట్లో ఉన్నవాటిలో పెద్దది, నిండా. మూతి మీద నీటి బొట్లు పట్టిన చల్లటి గ్లాసు. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. గోడవైపు తిరగలేదు. అందరి ముందూ గటగటా తాగి, ఆఖరి చుక్క దాకా తాగి, గ్లాసు నా చేతిలో పెట్టారు.

"బంగారు తల్లివి," అన్నారు.

పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఆయన నన్ను అమ్మాయ్ అనడమే గానీ ఇంకో పేరుతో పిలిచి ఎరగరు. నేను లోపలికి వెళ్ళి, అదే గ్లాసును చాలాసేపు కడిగాను.

ఆ సాయంత్రమే వాన పడింది. బోర్డు మీద రాసిన వానే, వంతెన మాత్రం సగంలో ఉంది. శుక్రవారం మధ్యాహ్నానికి బండి పని పూర్తయింది. మామగారి కాళ్ళు అప్పటికే పొంగాయి, ఊపిరికి చిన్న చప్పుడొస్తోంది. మావారు చొక్కా కూడా మార్చుకోకుండా, పదండి నాన్నా అన్నారు. మామగారు నడిచి వచ్చారు. తలుపు తీశారు. కాలెత్తి లోపల పెట్టారు. కమ్మీ పట్టుకుని, ఒక్క ఊపు తీసుకుని, తనంత తానుగా ఎక్కి కూర్చున్నారు. తలుపు తనే వేసుకున్నారు. చేతులు చాచి వెనకే నిలబడ్డ మావారు ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తుడుచుకున్నారు.

వాగు దాకా వెళ్ళాం. రాళ్ళూ లేవు, దారీ లేదు. ఎర్రటి నీళ్ళు గట్టుకు గట్టు ఒరుసుకుని పోతున్నాయి. మా కళ్ళ ముందే ఒక పెద్ద ట్రాక్టరు మాత్రం నీళ్ళలో దిగి దాటి అవతలికి పోయింది. మావారు దిగి నీళ్ళలోకి మోకాలి దాకా నడిచి చూసి వచ్చారు. ఇంజను ఎక్కడిదాకా మునుగుతుందో చేత్తో కొలుచుకున్నారు. ఇంకోసారి కొలుచుకున్నారు. తర్వాత స్టీరింగు మీద చెయ్యి వేసుకుని అలా కూర్చున్నారు. చుట్టుదారిన పోదామని బండి తిప్పబోతే మామగారు ఆయన మణికట్టు పట్టుకున్నారు.

"ఇంటికి పోనీ. కూర్చోవడం బాగుంది, మెల్లిగా పోనీ."

మెల్లిగానే పోయాం. బండి మళ్ళీ మెత్తబడింది. మామగారు దారి పొడుగునా కట్టలు ఎలా పలుకుతున్నాయో చెవి పెట్టి విన్నారు.

ఆదివారం పొద్దున నేను టీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళి, పట్టుకునే తిరిగి వచ్చాను.

తర్వాత నెల రోజులు మావారు నాతో కూరగాయల గురించి, కరెంటు గురించి మాట్లాడారు. బండి గురించి మాట్లాడలేదు. వాగును ట్రాక్టరు దాటిన సంగతి ఇద్దరం చూశాం. ఆ నాలుగంగుళాలు ఉండి ఉంటే బండీ దాటేదన్న లెక్క ఆయనకు రాక కాదు. రాత్రీ పగలూ ఆ లెక్క ఆయన ముఖంలో నడుస్తూనే ఉండేది. నేను చూస్తూ ఊరుకునేదాన్ని. ఊరుకోవడం ఆ వేసవిలో నాకు బాగా అలవాటైపోయింది.

ఒకరోజు దుకాణం మనిషి రాలేదు. పరుపు రెండో కొస పట్టుకోవడానికి మావారు నన్ను తీసుకెళ్ళారు. ఇల్లు మూడో అంతస్తులో ఉంది, మెట్లు ఇరుకు. పరుపు నిలువునా పెట్టి, ఆయన పైన, నేను కింద, మధ్యలో పరుపు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. రెండో మలుపు దగ్గర ఆయన ఆగారు. అలిసిపోయారేమో అనుకున్నాను.

"ఆ రోజు నాన్న దించమన్నది బండినేనా?" అన్నారు అవతలి నుంచి.

పరుపుకు చుట్టిన ప్లాస్టిక్ నా చెంపకు చల్లగా తగులుతోంది.

"కాదు," అన్నాను.

"నీకప్పుడే తెలుసా?"

"తెలుసు."

పై మెట్టు మీద ఆయన చెప్పు ఒకటి కదిలింది.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే మీరు మళ్ళీ ఎత్తుకునేవారు."

కింద ఎవరో తలుపు తీసి, మెట్లకు అడ్డంగా పరుపు చూసి, మళ్ళీ వేసుకున్నారు. బరువంతా నావైపుకు వాలుతోంది. రెండు చేతులూ చాచి పట్టుకున్నాను.

"ఎత్తుకునేవాణ్ణి," అన్నారు మావారు.